ముందు మేగజైన్, తర్వాత బోల్టు: ప్లేనో డైరీ

ఫిబ్రవరి 1, 2025, శనివారం

వేసవి స్కౌట్స్ క్యాంపులో రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటానని మావాడు పట్టుబట్టాడు. వాడి చేతికి రాకముందు అదేమిటో నాకు తెలియాలని టెక్సాస్‌లోని మా ప్లేనోలో కొత్తవాళ్ల తరగతిలో చేరాను. ఇవాళ తరగతిలో ఒక్క తూటా కూడా లేదు. బల్ల మీద బోల్టు తెరిచి పెట్టిన రైఫిల్, గోడ మీద నాలుగు నియమాలు.

ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి. నాశనమైనా ఫరవాలేదనుకున్న వస్తువు వైపు తప్ప దేనివైపూ గొట్టం మూతి తిప్పకూడదు. గురి కుదిరి, కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. దేన్ని కొడుతున్నామో, దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి. ఈ నాలుగింటినీ ఇలా కుదించి ప్రచారం చేసినవాడు జెఫ్ కూపర్. మెరైన్ దళంలో అధికారిగా పనిచేసి, 1976లో అరిజోనాలో తుపాకీ శిక్షణ బడి పెట్టాడు.

నాలుగెందుకు, ఒకటి చాలదా అని మా మాస్టారు మమ్మల్నే అడిగారు. జవాబూ ఆయనే చెప్పారు. మనిషన్నాక ఎప్పుడో ఒకటి మరిచిపోతాడు. తుపాకీ అనుకోకుండా పేలినా మూతి మట్టిగట్టు వైపుంటే ఎవరికీ ఏమీ కాదు. మూతి తప్పుగా తిరిగినా వేలు బయటుంటే పేలదు. మనిషికి దెబ్బ తగలాలంటే రెండు నియమాలు ఒకేసారి తప్పాలి.

ఫిబ్రవరి 4, మంగళవారం

సెమీ ఆటోమేటిక్ అనగానే సినిమాలో ఆగకుండా తూటాలు కక్కే తుపాకీ కళ్లముందుకొస్తుంది. అది వేరు. నొక్కి పట్టుకున్నంతసేపూ పేలేది మెషిన్ గన్. దానిమీద అమెరికాలో 1934 నుంచీ గట్టి ఆంక్షలున్నాయి, 1986 తర్వాత తయారైనవి మామూలు పౌరులకి అమ్మడానికే లేదు. సెమీ ఆటోమేటిక్‌లో ఒక్క నొక్కుకి ఒక్కటే పేలుతుంది. ట్రిగ్గర్ వదిలి మళ్లీ నొక్కితేనే రెండోది.

మేం వాడే సెమీ ఆటోమేటిక్ రూగర్ 10/22. 1964 నుంచి తయారవుతోంది. చెక్క పిడి, .22 తూటా, పది పట్టే మేగజైన్, రెండుంబావు కిలోల బరువు. తూటా పేలగానే వాయువులు గుండుని ముందుకి, ఇత్తడి డొప్పని వెనక్కి తోస్తాయి. డొప్ప వెనక ఆనుకున్న బోల్టు ఆ తోపుకి వెనక్కి జరుగుతూ డొప్పని కుడిపక్కకి విసిరేస్తుంది, లోపలి హ్యామర్‌ని మళ్లీ ఎక్కుపెడుతుంది. అక్కణ్ణుంచి స్ప్రింగు బోల్టుని ముందుకి నెడుతుంది. వస్తూ వస్తూ అది మేగజైన్‌లోని పై తూటాని లాక్కొచ్చి గొట్టం మొదట్లోని ఛాంబర్‌లో కూర్చోబెడుతుంది. పెద్ద తూటాలు వాడే ఏఆర్-15 లాంటి వాటిలో గొట్టంలోంచి కొంత వాయువుని మళ్లించి ఇదే పని చేయిస్తారు.

కాలేజీలో ఎన్.సి.సి. పిల్లలకిచ్చే .22 రైఫిల్‌లో ప్రతి తూటాకీ బోల్టు చేత్తో లాగాలి. ఆ లాగే క్షణంలో మనిషికి ఆలోచించుకోడానికి వ్యవధి ఉంటుంది. ఈ రైఫిల్ ఆ వ్యవధి ఇవ్వదు. మనం ఒకటి కాల్చి ఊరుకున్నా అది రెండోదానికి సిద్ధంగానే ఉంటుంది. నాకర్థమైనంతవరకు, ఈ తరగతిలో చెప్పేవన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతున్నాయి.

ఫిబ్రవరి 8, శనివారం

ఖాళీ చేసే వరస. మాస్టారు నారింజ రంగు ప్లాస్టిక్ డమ్మీ తూటాలు మేగజైన్‌లో నింపి, రైఫిల్‌కి తగిలించి, బోల్టు లాగి ఒకటి ఛాంబర్‌లో కూర్చోబెట్టి, ఒక కుర్రాణ్ణి ఖాళీ చెయ్యమన్నారు. అతను బోల్టు లాగాడు, తూటా ఎగిరి బయట పడింది. తర్వాత మేగజైన్ తీసి బల్లమీద పెట్టి, అయిపోయిందన్నాడు. మాస్టారు మాట్లాడకుండా బోల్టు మళ్లీ లాగారు. ఇంకో నారింజ తూటా బయటికొచ్చి నేలమీద దొర్లింది.

మేగజైన్ లోపలుండగా బోల్టు లాగితే ఛాంబర్‌లోది బయటికొస్తుంది, మేగజైన్‌లోది ఆ చోటికొచ్చి కూర్చుంటుంది. అందుకే ముందు మేగజైన్ తియ్యాలి, ఆ తర్వాతే బోల్టు లాగాలి. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు లాగి, ట్రిగ్గర్ గార్డుకి ముందున్న చిన్న మీటతో బోల్టుని వెనకే ఆపాలి. అప్పుడు ఛాంబర్‌లోకి కంటితో చూడాలి, చిటికెన వేలు పెట్టి తడమాలి. మేగజైన్ దిగే చోటు కూడా చూడాలి. ఇదంతా చేస్తున్నంతసేపూ మూతి గట్టువైపే, వేలు ట్రిగ్గర్‌కి దూరంగానే.

మేగజైన్ తీసేశాం కాబట్టి ఖాళీ అనుకోవడం, డిపోకి తాళం వేశాం కాబట్టి రోడ్డెక్కిన బస్సు ఆగిపోయిందనుకోవడమే.

ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దున్నే మావయ్యకి ఫోన్ చేశాను. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ ఇంటికొకరు చొప్పున పట్టాళానికి పంపిన ఊరని చుట్టుపక్కల ‘మిలటరీ మాధవరం’ అంటారు. మావయ్య చేసింది పదాతి దళంలో. ఆయన చేతిలో ఉన్నది ఎస్.ఎల్.ఆర్., బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీది. 7.62 తూటా, ఇరవై పట్టే మేగజైన్. ఆయన చెప్పేదాకా నాకు తట్టలేదు, అదీ సెమీ ఆటోమేటిక్కే.

“ఏంటమ్మాయ్, ఈ వయసులో తుపాకీ సరదా?” అని నవ్వాడు.

“సరదా కాదు మావయ్యా, మీ మనవడి కోసం.”

ఖాళీ చేసే వరస చెప్పాను. ఫోన్లోనే ‘ఖాళీ కర్’ అని గట్టిగా కాషన్ ఇచ్చాడు. మేగజైన్ ఊడదియ్యి, కాకింగ్ హ్యాండిల్ లాగు, ఛాంబర్ చూడు. నలభై ఏళ్లయినా ఆయన నోట్లో వరస చెదరలేదు. తర్వాత ఇంకో సంగతి చెప్పాడు. ఫైరింగ్ అయ్యాక ఖోఖాలన్నీ, అంటే కాల్చిన డొప్పలన్నీ, ఏరి లెక్క అప్పజెప్పాలి. రేంజి దిగేముందు ప్రతి జవానూ జేబులూ పౌచీలూ తడిమి చూపించి, నా దగ్గర బతికున్న రౌండు గానీ ఖాళీ ఖోఖా గానీ లేదని పైకి చెప్పాలి. “నోటితో చెప్పిస్తే చెయ్యి కచ్చితంగా జేబులోకి వెళ్తుందే. అందుకే అది” అన్నాడు.

ఫిబ్రవరి 15, శనివారం

ఇవాళ కాల్చాం. మెడ మూసుకున్న చొక్కా, అంచున్న టోపీ, కాళ్లు కప్పే బూట్లు వేసుకు రమ్మన్నారు. ఎందుకో అక్కడికెళ్లాక తెలిసింది. బయటికి ఎగిరే డొప్ప కాలిపోతూ ఉంటుంది. అది మెడలోంచి జారితే మనిషి గిలగిలలాడి, చేతిలో రైఫిల్ ఉన్న సంగతి మరిచి పక్కకి తిరిగిపోతాడు. కాలితే కాలనీ, ముందు మూతి గట్టువైపు ఉంచి రైఫిల్ బల్లమీద పెట్టు, తర్వాత దులుపుకో అన్నారు మాస్టారు. చర్మం మీద బొబ్బ రెండ్రోజుల్లో పోతుంది.

కళ్లద్దాలు, చెవులకి మఫ్లు తప్పనిసరి. చిన్నదే కదా అనుకునే .22 రైఫిల్ చప్పుడు కూడా 140 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. ఆ స్థాయి చప్పుడు వినికిడిని ఒక్కసారికే దెబ్బతియ్యగలదు, పోయిన వినికిడి తిరిగి రాదు.

నింపే వరస: సేఫ్టీ వేసి ఉందో లేదో చూడు. మేగజైన్‌ని టక్కుమనేదాకా పైకి నొక్కు. బోల్టు పిడిని పూర్తిగా వెనక్కి లాగి ఒక్కసారి వదిలెయ్యి. చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకి తీసుకెళ్తే తూటా సరిగ్గా కూర్చోదు. చెక్క పిడిని భుజం గుంటలో ఆన్చి, చెంప దానికి తగిలించి, వెనక గాడిలో ముందు పూస నిలబెట్టు. చూపు పూస మీద నిలిస్తే దూరాన ఉన్న కాగితం కొంచెం మసగ్గా కనిపిస్తుంది, కనిపించనీ. సేఫ్టీ తీసి, ఊపిరి సగం వదిలి ఆపు. ట్రిగ్గర్‌ని గుంజకుండా, నిండుగా వెనక్కి నొక్కుతూ పో.

.22కి భుజానికి తగిలే తన్ను దాదాపు లేదు. కొత్తవాళ్లకి దీంతోనే మొదలుపెట్టడానికి కారణం అదే. తన్నుకి భయపడి కళ్లు మూసుకునే అలవాటు మొదట్లోనే పడితే వదిలించుకోవడం కష్టం.

అదే రోజు, రాత్రి

రేంజి నుంచి రాగానే చేతులూ ముఖమూ సబ్బుతో కడుక్కున్నాను. బట్టలు విడిగా ఉతికాను. తూటాలో గుండు సీసం, తూటాని అంటించే మందులోనూ సాధారణంగా సీసం ఉంటుంది. పొగతోపాటు అది చేతులకీ బట్టలకీ అంటుకుంటుంది. అక్కడ ఏమీ తినకూడదు, తాగకూడదు. గర్భిణులూ చంటిపిల్లల తల్లులూ ఆ పొగకి దూరంగా ఉండటమే మంచిది.

ఫిబ్రవరి 18, మంగళవారం

రూగర్ వాళ్ల మాన్యువల్ ముందేసుకుని కూర్చున్నాను. సేఫ్టీ అనేది ట్రిగ్గర్ గార్డు ముందు భాగంలో అడ్డంగా దూరే చిన్న బొత్తాం. ఎడమ నుంచి కుడికి నొక్కితే సేఫ్. కుడి నుంచి ఎడమకి నొక్కితే ఎర్ర గీత బయటపడుతుంది, కాల్చడానికి సిద్ధం. హ్యామర్ ఎక్కుపెట్టి లేనప్పుడు ఆ బొత్తాం సేఫ్ వైపుకి కదలదు. ఇది తెలియక కొత్తవాళ్లు చెడిపోయిందనుకుని బలంగా నొక్కుతారట.

సేఫ్టీ కూడా ఒక యంత్ర భాగమే. అరిగిపోవచ్చు, విరగొచ్చు, మనం వేశామనుకుని వెయ్యకపోవచ్చు. అది వేసి ఉందన్న ధీమాతో మూతిని మనిషి వైపు తిప్పినవాణ్ణి మా మాస్టారు ఆ పూటకి ఇంటికి పంపించేస్తారు.

ఫిబ్రవరి 22, శనివారం

పక్క బల్ల దగ్గర ఒకావిడ ట్రిగ్గర్ నొక్కితే క్లిక్కుమంది, పేలలేదు. ఆవిడ రైఫిల్ దించి లోపలికి చూడబోయింది. మాస్టారు ఒక్క అంగలో వచ్చి గొట్టాన్ని గట్టువైపు ఆపారు. తూటా ఆలస్యంగా అంటుకోవచ్చు. అరనిమిషం పాటు మూతి కదపకుండా ఉంచి, అప్పుడు మేగజైన్ తీసి, బోల్టు లాగాలి. ఆ తూటాని మళ్లీ వాడకూడదు.

క్లిక్కు కన్నా ప్రమాదమైనది తుస్సు. చప్పుడు మెత్తగా వస్తే గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. ఆ సంగతి చూడకుండా రెండోది కాలిస్తే గొట్టమే పగలొచ్చు. బోల్టు లాగడంతోనే రెండో తూటా వచ్చి కూర్చునే తుపాకీలో ఆ తొందరపాటు మరీ సులువు. చప్పుడు తేడాగా ఉంటే ఆపెయ్యాలి, ఖాళీ చెయ్యాలి, గొట్టం బారునా తెరిపి ఉందో లేదో చూపించుకోవాలి.

ఇంకొకటి. చాలా సెమీ ఆటోమేటిక్‌లలో ఆఖరి తూటా అయ్యాక బోల్టు వెనకే ఆగిపోతుంది, ఖాళీ అయిందని కంటికి తెలుస్తుంది. మామూలు 10/22లో ఆగదు, మూసుకుంటుంది. ఇంకా ఉన్నాయో, అయిపోయాయో పైనుంచి చూస్తే తెలియదు. పది లెక్కపెట్టానులే అనేవాళ్ల మాట మాస్టారు చెవిన పెట్టరు. తెరిచి చూపించమంటారు.

ఫిబ్రవరి 26, బుధవారం, శివరాత్రి

గుడిలో మా వీధి కుర్రాడు కలిశాడు. హెచ్-1బి మీద ఉన్నాడు. “అక్కా, నేనూ వస్తా రేంజికి, అద్దెకి తుపాకీ ఇస్తారటగా” అన్నాడు. ఆగమన్నాను. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. కొద్దిపాటి మినహాయింపుల్లో ఎక్కువమందికి పనికొచ్చేది, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం. కొనడానికే కాదు, రేంజిలో అద్దెకి తీసుకోడానికీ ఇదే నియమం. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చెయ్యాలి. ఆ కోర్సులో తుపాకీ భద్రత కూడా ఉంటుంది. ముందు అది చదువుకోమన్నాను, ఇమిగ్రేషన్ లాయర్ని ఒక మాట అడగమన్నాను. సరదాగా దిగిన ఫొటో రేపు గ్రీన్ కార్డు ఫైల్లో చిక్కు కాకూడదు.

మార్చి 1, శనివారం

‘రేంజ్ ఈజ్ కోల్డ్’ అన్నారంటే అందరూ పసుపు గీత వెనక్కి రావాలి. బోల్టులు తెరిచి, ఛాంబర్‌లో రంగు ప్లాస్టిక్ జెండా గుచ్చి, రైఫిళ్లు బల్లమీద వదిలెయ్యాలి. కాగితాలు మార్చడానికి మనుషులు ముందుకెళ్లి ఉంటారు కాబట్టి అప్పుడు ఎవరూ తుపాకీని ముట్టుకోకూడదు. సర్దడానికైనా, ఫొటోకైనా. ‘సీజ్ ఫైర్’ అని అరిచే హక్కు మాత్రం రేంజిలో ఉన్న ప్రతివాళ్లకీ ఉంది, మొదటిరోజు వచ్చినవాళ్లకి కూడా.

నా గుళ్లన్నీ ఒక పక్కకే పోతున్నాయని మాస్టారు కన్ను పరీక్ష చేశారు. రెండు చేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లూ తెరిచి దూరాన ఉన్న గడియారాన్ని అందులోంచి చూడాలి. తర్వాత ఒక్కో కన్నూ మూయాలి. ఏ కన్నుకి గడియారం సందులో నిలిస్తే అది పెత్తనం చేసే కన్ను. నాకు కుడే. తప్పు చూపుది కాదు, ట్రిగ్గర్‌ని వేలి మడతతో పక్కకి లాగుతున్నానన్నారు. వేలి కొస మెత్తతో నేరుగా నొక్కితే గుళ్లు మధ్యకొచ్చాయి.

మార్చి 6, గురువారం

తూటాల పెట్టె మీద చిన్న అక్షరాల్లో హెచ్చరిక చదివాను. .22 గుండు ఒకటిన్నర మైలు దాకా పోగలదు. అంటే రెండున్నర కిలోమీటర్లకి కాస్త తక్కువ. మూడు గ్రాములైనా లేని సీసం ముక్క అంత దూరం పోతుంది కాబట్టే వెనక గట్టు లేనిచోట ఖాళీ డబ్బాల్ని కూడా కాల్చకూడదు. నీళ్లమీదా రాళ్లమీదా పడి మళ్లి ఎగురుతుంది.

గాల్లోకి కాల్చింది గాల్లో ఉండిపోదు. టెక్సాస్‌లో కొత్త సంవత్సరం రాత్రి గాల్లోకి కాల్చొద్దని పోలీసులు ఏటా మొత్తుకుంటారు. మన దేశంలో పెళ్లి ఊరేగింపుల్లో కాల్చే అలవాటుకి 2019లో ఆయుధాల చట్టం సవరించి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పెట్టారు.

మార్చి 9, ఆదివారం

మావయ్యకి ఫోన్ చేసేసరికి అక్కడ రాత్రి భోజనాలయ్యాయి. తుపాకీ శుభ్రం చెయ్యడం గురించి అడిగాను. పుల్‌త్రూ, చిందీ, నూనె అంటూ ఎత్తుకుని, “అవన్నీ తర్వాత. ముందు రౌండ్లు ఆ గదిలో ఉండకూడదు” అన్నాడు.

అమెరికాలో చదువుకునే మన పిల్లల్లో తుపాకీ తుడుస్తుండగా పేలి ప్రాణం పోయినవాళ్లున్నారు. తుడిచేవాడి దృష్టి మురికి మీద ఉంటుంది, మూతి మీద ఉండదు. అందుకే తూటాలు వేరే గదిలో పెట్టి తలుపేసి, ఛాంబర్ చూసి, తడిమి, అప్పుడే గుడ్డ చేతికి తీసుకోవాలి. మధ్యలో ఫోనొచ్చి లేచి వెళ్తే, తిరిగొచ్చాక మళ్లీ మొదటినుంచి చూడాలి.

మార్చి 15, శనివారం

ఆఖరి తరగతి, ఇంట్లో దాచడం గురించి. రైఫిల్ ఖాళీగా ఒకచోట, తూటాలు తాళంలో ఇంకోచోట, తాళంచెవి పిల్లలకి తెలియనిచోట. బోల్టు తెరిచి, డొప్ప ఎగిరే సందులోంచి మేగజైన్ చోటికి దూర్చే కేబుల్ తాళం ఉంటే బోల్టు మూసుకోదు, తూటా కూర్చోదు. టెక్సాస్‌లో పదిహేడేళ్లలోపు పిల్లలకి తూటాలున్న తుపాకీ అందేలా వదిలేస్తే పెద్దవాళ్లది నేరం. ఆ తుపాకీ పేలి ఎవరికైనా తీవ్రంగా దెబ్బ తగిలినా ప్రాణం పోయినా శిక్ష ఇంకా పెద్దది.

మనింట్లో బీరువా తాళాలు దిండుకింద, దేవుడి గూట్లో ఉంటాయి. అవి ఎక్కడుంటాయో పిల్లలకి మనకన్నా బాగా తెలుసు.

మార్చి 20, గురువారం

ఇండియా ప్రయాణానికి సామాన్లు సర్దుతూ రేంజికి తీసుకెళ్లిన చేతిసంచీని పక్కన పెట్టేశాను. శంషాబాద్‌లోనూ ఢిల్లీలోనూ తనిఖీలో సంచీ అడుగునుంచి ఒక్క తూటా బయటపడి కేసుల్లో ఇరుక్కునే ప్రయాణికుల వార్తలు తరచూ వస్తుంటాయి. తెలియక వచ్చిందని తరవాత కోర్టులో నిరూపించుకోవచ్చు, కానీ ఆ లోపు విమానం పోతుంది, పాస్‌పోర్టు చిక్కుల్లో పడుతుంది. మావయ్య వాళ్లు రేంజి దిగుతూ జేబులు తడుముకున్నది ఇందుక్కూడా పనికొస్తుంది. రేంజికి వాడే సంచీ రేంజికే ఉండాలి.

మార్చి 22, శనివారం

మావాడి ఫారం మీద సంతకం పెట్టాను. ఇంట్లో రైఫిల్ మాత్రం కొనం. మాకు వేట లేదు, పొలం లేదు. ఇంట్లో తూటా లేకపోతే దానికి తాళమూ అక్కర్లేదు. క్యాంపులో, పక్కన మాస్టారుండగా కాలిస్తే వాడి సరదాకి అది చాలు.

కొనేవాళ్లకీ, స్నేహితుల ఇంట్లో ఎవరైనా చూడమని చేతికిస్తే పుచ్చుకునేవాళ్లకీ నేను చెప్పగలిగింది ఇదే. ఇచ్చేవాళ్లు మేగజైన్ తీసి, బోల్టు లాగి, వెనకే ఆపి, ఛాంబర్ చూపించి ఇవ్వాలి. తీసుకునేవాళ్లు ఇప్పుడే చూశారుగా అని మొహమాటపడకుండా తామూ చూడాలి. అలా తెరిచి ఇవ్వనివాళ్ల చేతినుంచి రైఫిల్ తీసుకోకండి.